కలకత్తా మన కోసం కాచుకున్న రోజులు



ఈ పూట మనం ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ఆట గురించి కన్నా, ఆటలోని పంతం గురించి. రెండు జట్ల మధ్య ఏళ్ల తరబడి నడిచే పంతం గురించి.

కర్నూలులో గానీ కడపలో గానీ సాయంత్రం పూట ఏ మైదానం పక్కగా పోయినా ఇప్పుడు మీకు బార్సిలోనా చొక్కాలు కనిపిస్తాయి. రియల్ మాడ్రిడ్ చొక్కాలు కనిపిస్తాయి. ఆ రెండు జట్లు తలపడుతున్నాయంటే మన పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుంటారు. తెల్లారి కళ్లు ఎర్రగా చేసుకుని కాలేజీకి పోతారు. నాకు అది చూస్తే సంతోషమే. ఎక్కడో స్పెయిన్ దేశంలోని రెండు ఊళ్ల పంతాన్ని మన పిల్లలు తమ పంతంగా చేసుకున్నారు. ఆటకు ఆ శక్తి ఉంది.

కానీ ఆ పిల్లలకు ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ల తాతల కాలంలో మన తెలుగు నేల మీదనే అలాంటి జట్టు ఒకటి ఉండేది. ఆ జట్టు వస్తోందంటే కలకత్తాలోని పెద్ద క్లబ్బులు నడుం బిగించుకునేవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. ఈ రెండు పేర్లూ మీరు వినే ఉంటారు. ఆ రెండింటికీ దేశం మొత్తం మీద ఎదురు నిలిచి, ఏడాది తర్వాత ఏడాది ఢీకొట్టిన జట్టు మనది.

దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్.

అవును, పోలీసు జట్టే. పోలీసు శాఖలో ఉద్యోగాలు చేసుకునే మనుషుల జట్టు. ఇప్పటిలా కోట్లు పెట్టి కొన్న ఆటగాళ్లు కారు. నెల జీతం మీద బతికేవాళ్లు. ఆ జీతగాళ్లే దేశంలోని పెద్ద కప్పులు ఎత్తుకొచ్చారు.

ఆ రోజుల్లో దేశంలో రెండు కప్పులకు గొప్ప పేరు. ఒకటి ఢిల్లీలో ఆడే డ్యూరాండ్ కప్పు. రెండోది బొంబాయిలో ఆడే రోవర్స్ కప్పు. రెండూ ఇంగ్లీషు వాళ్ల కాలంలో, పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైనవి. ఢిల్లీలో డ్యూరాండ్, బొంబాయిలో రోవర్స్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి. మన కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచింది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లింది. మళ్లీ గెలిచింది. ఆ మరుసటి ఏడూ గెలిచింది. 1953లోనూ గెలిచింది. 1954లోనూ గెలిచింది. వరుసగా ఐదేళ్లు. మళ్లీ చెబుతున్నాను, వరుసగా ఐదేళ్లు ఆ కప్పు హైదరాబాదు దాటి పోలేదు. ఇలా ఐదేళ్లు వరుసగా గెలిచిన జట్టు రోవర్స్ చరిత్రలో మరొకటి లేదు. ఇక ఉండబోదు కూడా. ఎందుకంటే ఆ పోటీనే ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

1950 అంటే ఎలాంటి కాలమో ఒకసారి తలుచుకోండి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. నిజాం పాలన ముగిసింది. ఆ నగరం గాయాలతో ఉంది. రేపు ఏమవుతుందో తెలియని భయంతో ఉంది. ఆ తర్వాత రెండేళ్లకే ఆ నగరపు కుర్రాళ్లు బొంబాయికీ ఢిల్లీకీ రైలెక్కి వెళ్లి, దేశంలోని మేటి జట్లను ఓడించి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుర్రాళ్లు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, లయీక్. కొత్త దేశంలో తమ చోటు ఏదని వాళ్లు ఎవరినీ అడగలేదు. మైదానంలో దిగి చూపించారు. నేను ఆ కప్పులను చూసే తీరు ఇది. అవి వెండి పాత్రలు మాత్రమే కావు.

ఇప్పుడు అదే 1950లో జరిగిన డ్యూరాండ్ ఫైనల్ కథ వినండి. ఢిల్లీలో మ్యాచ్. ఇటు హైదరాబాద్ సిటీ పోలీస్. అటు మోహన్ బగాన్. మోహన్ బగాన్ అంటే అప్పటికే దేశమంతా తెలిసిన పేరు. 1911లో ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచిన క్లబ్బు అది. అదీ ఒక్కడు తప్ప అందరూ బూట్లు లేని కాళ్లతో. బెంగాలీలకు ఆ క్లబ్బు అంటే ప్రాణం. ఆ ఫైనల్లో మోహన్ బగాన్ రెండు గోల్స్ ముందుకు పోయింది. రెండుకు సున్నా. అంతటితో కథ ముగిసినట్టే అనుకోవాలి. మనవాళ్లు అనుకోలేదు. ఒక గోల్ తిరిగి కొట్టారు. ఇంకోటి కొట్టారు. రెండుకు రెండు. మ్యాచ్ తేలలేదు. అప్పుడు పెనాల్టీ షూటౌట్లు లేవు. తేలకపోతే ఇంకో రోజు మళ్లీ ఆడాలి. మళ్లీ ఆడారు. పోలీసు జట్టు ఒకటి–సున్నాతో గెలిచింది.

ఆ రోజు నుంచి హైదరాబాదు పేరు వింటే కలకత్తాకు ఒక లెక్క మిగిలింది. తీర్చుకోవాల్సిన లెక్క. పంతం అలాగే పుడుతుంది. ఓడినవాడు మరిచిపోకపోతేనే పంతం నిలుస్తుంది. కలకత్తా మరిచిపోలేదు.

1952లో అదే డ్యూరాండ్ ఫైనల్లో పోలీసు జట్టుకు ఈస్ట్ బెంగాల్ ఎదురైంది. ఈసారి కలకత్తా గెలిచింది. ఒక్క గోల్ తేడా. ఆ రోజుల్లో ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఐదుగురు ఆటగాళ్లకు భలే పేరు. జనం వాళ్లను పంచపాండవులు అనేవారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. ఒక్క బెంగాలీ లేడు. ఆ ఐదుగురిలో అప్పారావు మన తెలుగువాడు. చూడండి, హైదరాబాదుతో కలకత్తా తలపడితే అవతలి వైపునా ఒక తెలుగువాడు ఉన్నాడు. ఈ మాట దగ్గరికి మళ్లీ వద్దాం.

ఈ పోలీసు జట్టు వెనక ఉన్న మనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. ఆయన పోలీసు కాదు. బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడలోనూ చాదర్‌ఘాట్‌లోనూ పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి పోలీసు జట్టుకు గురువు. దేశపు జట్టుకూ గురువు ఆయనే. మొన్న 2024లో హిందీలో ‘మైదాన్’ అనే సినిమా వచ్చింది కదా, అది ఆయన కథే.

బడిపంతులు ఆట ఎలా నేర్పుతాడు? పాఠం చెప్పినట్టే నేర్పుతాడు. రహీం సాబ్ చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని ముందుకు తీసుకుపోకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తన్నాలి. మొదట్లో అందరూ తడబడేవాళ్లు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ సమానం అయ్యేవి. ఆటలో అతి కష్టమైనది తనకు ఇష్టమైనదాన్ని వదులుకోవడం. సొగసుగా డ్రిబ్లింగ్ చేసే కుర్రాడికి, ఆ సొగసు పక్కన పెట్టి పాస్ ఇవ్వరా అని చెప్పడం. రహీం సాబ్ చెబితే విన్నారు.

నేల కూడా ఆట నేర్పుతుంది. కలకత్తాలో వానాకాలంలో లీగ్ ఆడతారు. బురదలో, తడిసిన పచ్చికలో. బంతి అక్కడ ఆగిపోతుంది. మన దక్కను మైదానం అలా కాదు. గట్టి నేల. పచ్చిక తక్కువ, గరప ఎక్కువ. ఆ నేల మీద బంతి మూకుట్లో వేసిన ఆవగింజలా చిటపట ఎగురుతుంది. దాన్ని ఒక్క తాకుడుతో అదుపు చేయలేనివాడు ఆటకే పనికిరాడు. రాయలసీమలో ఆడిన వాళ్లెవరికైనా ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మే నెలలో కడప మైదానంలో పడితే మోకాలి చర్మం ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అలాంటి నేల మీద పడకుండా ఆడడం నేర్చిన కాళ్లు వేగంగా ఉంటాయి. హైదరాబాదు ఆట వేగం అక్కడి నుంచి వచ్చిందే. బురదలో నేర్పు ఒకరిది, గట్టి నేల మీద వేగం ఒకరిది. ఆ రెండూ ఢిల్లీలోనో బొంబాయిలోనో ఎదురెదురు పడితే ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇంతకీ హైదరాబాదు జట్టు గెలిస్తే కర్నూలుకేం, కడపకేం అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే.

1950లో మనం వేరు, వాళ్లు వేరు. మనం మద్రాసు రాష్ట్రం. కర్నూలు దగ్గర తుంగభద్ర దాటితే నిజాం రాజ్యంగా ఉండిన నేల. ఏటికి ఇటు ఒక రాష్ట్రం, అటు ఒక రాష్ట్రం. డబ్బు కూడా వేరు, అటు వైపు హాలీ సిక్కా నడిచేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏటికి అవతల, హైదరాబాదు జట్టు నాలుగో రోవర్స్ కప్పు, ఐదో రోవర్స్ కప్పు గెలుస్తోంది. పక్క రాష్ట్రం జట్టు. బంధువుల ఇంట్లో పెళ్లి లాంటిది అనుకోవడానికి కూడా లేదు. కానీ ఏటికి రెండు వైపులా భాష ఒకటే. కర్నూలు పాతబస్తీలోనూ కడపలోనూ ఉర్దూ మాట్లాడే ఇళ్లకు హైదరాబాదులో చుట్టాలు ఉన్నారు. కర్నూలులో ఉస్మానియా పేరుతోనే 1947లో కాలేజీ పెట్టారు. రాకపోకలకు రైలు ఉంది. కబుర్లు నది దాటడానికి ఏ సరిహద్దు అడ్డం?

1956 నవంబరు 1న ఏటికి రెండు వైపులా ఒకటే రాష్ట్రం అయింది. ఆంధ్రప్రదేశ్. కర్నూలు రాజధాని పట్టం వదులుకుంది. ఆ వదులుకోవడం మన సీమ గుండెలో ఇప్పటికీ కలుక్కుమనే ముల్లే. ఆ రోజుల్లో మన చేతికి వచ్చినవాటిని ఎవరూ పెద్దగా లెక్కపెట్టలేదు. నేను ఒకటి లెక్కపెడతాను. ఆ పోలీసు జట్టు మనది అయింది.

అదీ ఎలాంటి సమయంలో అయిందంటారా? 1956లో డ్యూరాండ్ ఫైనల్. పోలీసు జట్టు, ఈస్ట్ బెంగాల్. ఈస్ట్ బెంగాల్ రెండు–సున్నాతో గెలిచింది. మరుసటి ఏడు, 1957 పోటీలో అదే ఫైనల్, అవే రెండు జట్లు. ఈసారి మన జట్టు రెండు–ఒకటితో గెలిచింది. నిరుడు నువ్వు, ఈ ఏడు నేను. ఆ 1957లోనే రోవర్స్ కప్పు కూడా మనకే. కొన్నాళ్లకు జట్టు పేరు కూడా మారింది. ఆంధ్ర పోలీస్ అయింది. ఇక కర్నూలులో కూర్చుని కూడా మా జట్టు అనొచ్చు. కడపలో కూర్చుని కూడా అనొచ్చు.

1961లో ఆ ఆంధ్ర పోలీస్ మళ్లీ డ్యూరాండ్ ఫైనల్‌కు వెళ్లింది. ఎదురుగా మోహన్ బగాన్. పదకొండేళ్ల కిందట 1950లో తలపడిన ఆ పాత ప్రత్యర్థే. మళ్లీ ఒకటి–సున్నా. మళ్లీ మనమే. 1962లో రోవర్స్ కప్పు దగ్గర ఈస్ట్ బెంగాల్‌తో ఎంతకీ తేలలేదు. చివరికి కప్పు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ పంతానికి అంతకన్నా మంచి తీర్పు ఏముంటుంది!

పంతం అన్నాను. సీమలో ఈ మాట ఊరికే అనలేం. పంతాలు మన ఊళ్లలో ఏమి చేశాయో మనందరికీ తెలుసు. అందుకే ఈ ఆట పంతం గురించి చెప్పేటప్పుడు ఒక తేడా చెప్పి తీరాలి. ఈ పంతంలో శత్రువు మన వాడు అయిపోతాడు. మన వాడు వెళ్లి శత్రువు ఇంట్లో కొడుకు అవుతాడు. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. తులసీదాస్ బలరాం కథ వినండి.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ. అక్కడి పేద ఇంటి పిల్లవాడు బలరాం. అతని ఆట రహీం సాబ్ కంట్లో పడింది. హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మన్నారు. పిల్లవాడు రోజూ అంత దూరం రాలేనన్నాడు. బస్సుకు డబ్బు లేదు. రహీం సాబ్ రోజుకో రూపాయి తన జేబులోంచి ఇచ్చారు. అద్దె సైకిలు తీసుకుని రమ్మన్నారు. రోజుకో రూపాయి. బడిపంతులు జీతంలోంచి. ఆ రూపాయి సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం ఆస్ట్రేలియాను నాలుగు–రెండుతో ఓడించి సెమీఫైనల్ చేరింది. నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టుకు గురువు రహీం సాబ్. బలరాంతో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, ఇంకా పలువురు హైదరాబాదు వాళ్లే.

తర్వాత బలరాం ఎక్కడికి వెళ్లాడు? కలకత్తాకే. ఈస్ట్ బెంగాల్‌కే. మన ప్రత్యర్థి క్లబ్బుకే. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ కూడా అయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, ముప్పై నిండకముందే ఆట వదిలేశాడు. కానీ కలకత్తాను వదల్లేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఉంటూ, 2023 ఫిబ్రవరిలో కన్ను మూసేదాకా ఆ మనుషుల మధ్యనే ఉన్నాడు. అమ్ముగూడ పిల్లవాడిని బెంగాలీలు తమవాడిగా చూసుకున్నారు.

ఇక హబీబ్. మహమ్మద్ హబీబ్. ఇతను ఆ తర్వాతి తరం. 1949లో హైదరాబాదులో పుట్టాడు. 1960లలో కలకత్తా వెళ్లి, పదిహేనేళ్లకు పైగా అక్కడే ఆడాడు. ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. మోహన్ బగాన్‌కు ఆడాడు. మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడాడు. మూడు పెద్ద క్లబ్బుల చొక్కాలూ వేసుకున్నాడు. ఏ చొక్కా వేసుకుంటే ఆ చొక్కా కోసం ప్రాణం పెట్టాడు. కలకత్తా జనం అతన్ని బడే మియా అని పిలిచేవారు. మన దేశంలో ఫుట్‌బాల్‌నే బతుకు చేసుకున్న తొలి నిజమైన ప్రొఫెషనల్ హబీబే అని చాలామంది అంటారు. నేనూ ఆ మాటకు ఒప్పుకుంటాను. మిగతా వాళ్లు ఉద్యోగం చేస్తూ ఆట ఆడారు. హబీబ్‌కు ఆటే ఉద్యోగం.

1977 సెప్టెంబరు 24. కలకత్తా ఈడెన్ గార్డెన్స్. వానకు తడిసి ముద్దయిన మైదానం. అమెరికా నుంచి న్యూయార్క్ కాస్మోస్ జట్టు వచ్చింది. అందులో పీలే ఉన్నాడు. సాక్షాత్తూ పీలే. ఎదురుగా మోహన్ బగాన్. మ్యాచ్ రెండు–రెండుతో సమం అయింది. మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. పీలే ఆడుతున్న మ్యాచ్‌లో మన హైదరాబాదీ గోల్ కొట్టాడు.

హబీబ్ తమ్ముడు అక్బర్. అతనూ కలకత్తాలోనే ఆడాడు. 1976లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగ్ మ్యాచ్. దేశంలోకెల్లా పెద్ద పంతం. ఇంకా జనం సీట్లలో సర్దుకుంటూనే ఉన్నారు. అక్బర్ గోల్ కొట్టేశాడు. ఆట మొదలై పదిహేడు సెకన్లే అయింది. ఒక్కసారి లెక్కపెట్టి చూడండి, పదిహేడు సెకన్లంటే ఎంతసేపో. ఆ ఒక్క గోల్‌తోనే మోహన్ బగాన్ గెలిచింది. బెంగాలీల ఇంటి పోరును హైదరాబాదు కుర్రాడు తేల్చేశాడు.

ఆ పంతానికి చీకటి కూడా ఉంది. దాచకూడదు. 1980 ఆగస్టు 16న ఇదే ఈడెన్ గార్డెన్స్‌లో, ఇవే రెండు క్లబ్బుల మ్యాచ్‌లో, గ్యాలరీలో గొడవ రేగి తొక్కిసలాటలో పదహారుమంది చనిపోయారు. ఆట చూడ్డానికి వచ్చిన పదహారు ఇళ్ల పిల్లలు. పంతం మైదానంలోని గీతలు దాటితే ఏమవుతుందో కలకత్తాకు ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ ఏటా ఆ రోజున వాళ్ల పేరు మీద అక్కడ రక్తదానం చేస్తారు.

మళ్లీ మన జట్టు దగ్గరికి వద్దాం. అంత గొప్ప జట్టు ఏమైంది?

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. ఆ ఒంటితోనే జట్టును తీసుకెళ్లారు. ఫైనల్ దక్షిణ కొరియాతో. లక్షమంది జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. మన దేశం రెండు–ఒకటితో గెలిచి బంగారు పతకం తెచ్చింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ ఇంకొకటి. బలరాం, యూసుఫ్ ఖాన్ లాంటి రహీం సాబ్ శిష్యులు ఆ జట్టులో ఉన్నారు. ఆ తర్వాత ఏడాది తిరక్కముందే, 1963 జూన్ 11న రహీం సాబ్ వెళ్లిపోయారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల బంగారు పతకం మన దేశానికి మళ్లీ రాలేదు. అరవై ఏళ్లు దాటింది. మళ్లీ రాలేదు.

ఆయన పోయిన ఏడాదే ఆంధ్ర పోలీస్ మరోసారి రోవర్స్ కప్పు గెలిచింది. అదే ఏడాది డ్యూరాండ్ ఫైనల్‌కూ వెళ్లి మోహన్ బగాన్ చేతిలో ఓడింది. 1965లో రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించింది. ఆ తర్వాత ఆ వెలుగు సన్నగిల్లింది. గురువు లేడు. మంచి ఆటగాడు తయారైతే కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బు ఇచ్చి పిలుచుకుపోతాయి. పోలీసు జీతం వాళ్లను ఎలా ఆపుతుంది? వెళ్లినవాళ్ల తప్పు ఏమీ లేదు. పేద ఇళ్ల పిల్లలు వాళ్లు. కానీ ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లే తప్ప, వెళ్లినవాడి చోటును నింపే బడిపంతులు మళ్లీ రాలేదు. కొందరు క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందంటారు. నా లెక్కలో అది రెండో కారణం. ప్రపంచ కప్పు గెలిచి క్రికెట్ ఇంటింటికీ వచ్చింది 1983లో. మన జట్టు అంతకు చాలా ముందే నీరసించింది. రహీం సాబ్ తర్వాత ఇంకో రహీం సాబ్‌ను తయారు చేసుకోలేకపోవడమే మొదటి కారణం.

నాకు బాధ కలిగించేది కప్పులు పోవడం కాదు. కలకత్తాకు మన మీద పంతం పోయింది. ఒక ఊరు మన కోసం కాచుకుని ఉండడం, ఈసారి హైదరాబాదు వాళ్లను ఓడించాలి అనుకోవడం, అది ఒక గౌరవం. దాన్ని ఎవరూ డబ్బు పెట్టి కొనలేరు. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోవాలో, కేరళ జట్టు మీద, పెనాల్టీల్లో. నేను చాలా సంతోషించాను. మూడేళ్లు గడిచాక ఆ క్లబ్బు ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఊరు మార్చుకునే జట్టు మీద ఎవరికి పంతం పుడుతుంది? పంతానికి ఊరు కావాలి. ఆ ఊరి మట్టి కావాలి.

మట్టి మన దగ్గర ఉంది. పక్కన అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ క్రీడా గ్రామం కట్టి, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఫుట్‌బాల్ నేర్పిస్తోంది. కడపలో క్రీడా పాఠశాల ఉంది. కర్నూలులోనూ కడపలోనూ పోలీసు బెటాలియన్లు ఉన్నాయి, వాటికి మైదానాలు ఉన్నాయి. కర్నూలు జట్టు కడప జట్టు మీద, కడప అనంతపురం మీద, ఏడాది తర్వాత ఏడాది, అదే మైదానంలో, అదే నెలలో తలపడితే చాలు. గెలుపు ఓటములు లెక్క రాసిపెట్టే మనిషి ఒకరు ఉంటే చాలు. ఇంకో బలరాం ఎక్కడో అద్దె సైకిలు కోసం చూస్తూ ఉండొచ్చు.

శ్రోతలకు ఒక మనవి. పోలీసు జట్టు ఆట కళ్లారా చూసినవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉండి ఉంటారు. ఇప్పుడు వాళ్లకు ఎనభై దాటి ఉంటుంది. ఉద్యోగం కోసమో, చదువు కోసమో ఆ రోజుల్లో హైదరాబాదు వెళ్లి ఫతే మైదాన్‌లో మ్యాచ్ చూసినవాళ్లు. మన బెటాలియన్లలో, మన రైల్వే కాలనీల్లో, మన మిషన్ బడుల్లో ఆడినవాళ్లు. మీ ఇంట్లో అలాంటి తాత ఉంటే ఈ రాత్రి భోంచేశాక పక్కన కూర్చుని అడగండి. ఎవరితో ఆడారు, ఏ మైదానం, ఎవరు గోల్ కొట్టారు, ఓడినవాళ్లు ఏమన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, ఆకాశవాణి కడప కేంద్రానికి పంపండి. ఏ ఊరో, ఏ సంవత్సరమో తప్పకుండా రాయండి. మీ ఉత్తరాలు ఇక్కడే, ఇదే సమయంలో చదివి వినిపిస్తాను.